జర్మనీ సారుకు నర్సయ్య చేసిన ఫోను

నేను గిదివరకు ఏదీ రాయలే. ఐదో తరగతి దాకనే సదివిన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా వాడకట్టుల జరిగిన ముచ్చట, కడుపుల దాసుకోలేక రాస్తున్న.

కోరుట్లల శంకరవ్వ అరుగు మీద నలుగురం కూసోని బీడీలు చేస్తం. ఆ దినం ప్రేమలత చేతులు నడుస్తలేవు. ఆమె బిడ్డ నవ్య ఇంజినీరింగు సదువుతది. ఇంటర్న్‌షిప్ అని, పని నేర్చుకునేటందుకు రెండు నెలలు జర్మనీ పోయింది. ఎల్లుండి ఇమానం ఎక్కాలె. మొన్న ఫోన్ల, "అమ్మా, మా సారు ఇంకో మూడు నెలలు ఉండుమంటుండు" అన్నది. గంతల లైను కట్టయ్యింది. అప్పటిసంది ఫోను ఎత్తుతలేదు.

మూడు నెలలు అన్న మాటకే ప్రేమలత భయపడ్డది. పెనిమిటి దివాకర్‌కు సౌదీల సేటు గదే మాట చెప్పి, పాస్‌పోర్టు బీరువాల పెట్టి తాళమేసి, రెండేండ్లు ఇంటికి తోలలే. తల్లి సచ్చిపోతే ఆఖరి సూపుకు గూడ రాలేకపాయె. ఇప్పుడు బిడ్డ పాస్‌పోర్టు గూడ అసొంటి బీరువాలనే పడ్డదని ఆమె రంది.

గప్పుడే ఛాయ గిలాస పట్టుకోని నర్సయ్య వచ్చి మెట్టు మీద కూసున్నడు. దుబాయిల చేసి వచ్చినోడు. పైసలు ఎన్ని తెచ్చిండో గని, మాటలైతే మస్తు తెచ్చిండు.

"చెల్లే, రంది వెట్టుకోకు. నిన్న నేనే ఆ జర్మనీ సారుకు ఫోన్ చేసిన. ఎక్కువేం అనలే. 'సారూ, పిల్లను తోలియ్యి, తల్లి తిండి తింటలేదు' అన్న. గంతే."

ప్రేమలత చేతిల ఆకు చేతిలనే ఆగింది. "నిజమా అన్నా? ఏమన్నడు?"

"ఏమంటడు! 'ఎవలు మాట్లాడేది' అన్నడు. 'కోరుట్ల నర్సయ్య' అన్న. కుర్సీలకెల్లి లేసి నిలవడ్డడు. దుబాయిల నా పేరు ఎరుకలేనోడు లేడు, గది జర్మనీ దాక పోదా?"

"ఏ భాషల మాట్లాడినవ్ రా?" శంకరవ్వ అడిగింది.

"అరబ్బీల షురూ చేసిన అవ్వా. ఆయన జర్మనీ భాషల జవాబిచ్చిండు. రెండు మాటలు ఇన్న, మూడో మాటకు నాకు వచ్చేసింది. ఆఖర్కి నేను మాట్లాడేది ఆయనకే సమజ్ గాక, ఇంకో సారును తోలుకచ్చుకున్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

అందరు నవ్విండ్రు. ప్రేమలత నవ్వలే. నర్సయ్య ముందుగాల చెప్పిన మాట కాడ్నే ఆగితే ఎంత బాగుండు అనుకున్నది. గది నమ్మబుద్ధయితున్నది.

"నేను జర గట్టిగ అన్న, 'పాస్‌పోర్టు ఇస్తవా ఇయ్యవా' అని. ఆ గొంతుకు వాళ్ళ కంపెనీల మిషిన్లన్ని ఆగినయ్, ఊరంత కరెంటు పోయింది. సారు సైకిల్ ఏసుకోని, వానల తడుసుకుంట, పాస్‌పోర్టు నెత్తి మీద పెట్టుకోని నవ్య రూముకు ఉరికిండు. పిల్ల బట్టలు ఆయనే మడతవెట్టి సూట్‌కేసుల సదిరిండు!"

"ఇస్త్రీ చెయ్యలేదా?" ఒకామె అడిగింది.

"కరెంటు లేకపాయె గదా! ఇగ ఇమానం కాడ, సామాను బరువెక్కిందంటే నేనే పైలట్‌కు చెప్పిన, 'ఇద్దరు లావుటోళ్ళను దించు' అని. 'సరే నర్సన్నా, ఇమానం ఎక్కడ దింపాలె?' అన్నడు. హైదరాబాద్ దాక ఎందుకు, మెట్‌పల్లిల పసుపు ఆరవోసే జాగ ఖాళీ చేపించిన, సక్కగ ఆడ్నే దింపుమన్న. 'కరెంటు తీగలున్నయ్ బిడ్డా, పైలం, రెక్కలు ముడుసుకోని దిగు' అన్న..."

ఇమానం కిందికి దిగినకొద్ది ప్రేమలత గుండె గూడ దిగింది. రెక్కల ముచ్చట అబద్ధమైతే ఫోన్ ముచ్చట గూడ అబద్ధమే గదా. ఆమె చాట కింద పెట్టింది. నలుగుర్ల ఎన్నడు గొంతెత్తని మనిషి.

"అన్నా, నాకు ఇమానం వద్దు, తీగలు వద్దు. సారుకు ఫోన్ చేసినవా, లేదా? గదొక్కటి చెప్పు."

నర్సయ్య గిలాసల సూసిండు. ఛాయ ఎప్పుడో అయిపోయింది. అయినా ఒక గుటక తాగిండు.

"నంబర్ ఉంటే చేద్దును చెల్లే," అన్నడు మెల్లగ.

"రెక్కలు ముడిపిచ్చినోనికి నంబర్ దొరకలేదా రా!" అన్నది శంకరవ్వ. ఈసారి ఎవలు నవ్వలే.

తెల్లారి ప్రేమలత పొయ్యి గూడ ముట్టియ్యలే. జర్మనీల పొద్దు పొడిసేదాక ఆగి వీడియో కాల్ చేసింది, మళ్ళ చేసింది. ఆఖర్కి నవ్య ఎత్తింది.

"అమ్మా, చివరి దినాలు గదా, పని అప్పజెప్పేదుండె, ఫోను సూడలే."

"పాస్‌పోర్టు ఎవల దగ్గరున్నదే?"

"నా దగ్గర్నే. ఎప్పుడూ నా సంచిలనే ఉన్నది. ఇగో."

"ఇంకా దగ్గరికి పట్టు."

నవ్య పట్టింది. అట్ట తెరిసి అండ్ల తన ఫోటో తనే సూపిచ్చింది. "సారు ఊకె అడిగిండమ్మా, ఇష్టముంటే ఉండుమని. నాకు సదువున్నది, రేపు ఎక్కుతున్న అని చెప్పిన."

ప్రేమలత పైటకొంగుతోని మొకం తుడుసుకున్నది. "సారుకు ఇయ్యి ఫోను."

తెల్ల గడ్డమాయిన వచ్చిండు. ఏం అనాలెనో ప్రేమలత పొద్దటిసంది మనసుల అనుకుంటనే ఉన్నది. అన్ని మర్సిపోయింది. రెండు చేతులు జోడిచ్చి, "తిన్నవా సారూ?" అన్నది. నవ్య నవ్వుకుంట ఆయనకు చెప్పింది.

తర్వాత అరుగు మీదికి వచ్చి చాట ఒళ్ళె పెట్టుకున్నది. నర్సయ్య ఆమె మొకం దిక్కు సూస్తలేడు.

"మాట్లాడినవా? ఏమన్నడు సారు?" శంకరవ్వ అడిగింది.

"తిన్ననన్నడు," అని ప్రేమలత ఆకు కత్తిరిచ్చింది.