ఎనిమిది గంటల స్లాబు

2023 ఆగస్టు 11, శుక్రవారం. ప్రొద్దుటూరులో పొద్దున నాలుగు చినుకులు రాలి, నేల తడవకముందే ఆగిపోయాయి. ఆ పైన ఒకటే ఉక్క. జమ్మలమడుగు రోడ్డులో జియావుల్లా టీకొట్టు దగ్గర ఆయన చెల్లెలు మైమూన్ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. ఆమె భర్త రిజ్వాన్ తాపీపని చేసేవాడు. మే నెలలో ఒక కల్యాణమంటపం స్లాబు వేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. పడినప్పుడు పనిలో ఉన్నాడా లేదా అని తేల్చడానికి సోమవారం కడపలో విచారణ. పనిలో ఉన్నాడని తేలితేనే ఆమెకు పరిహారం. ఆ పనికి సూపర్‌వైజరు సీతాపతి. ఇదంతా తెలిసిన మనిషే, బెంచీ మీద కూర్చుని చేతిలోని పేపరు విసిరికొట్టాడు.

“ఎనిమిదంట! మన రాష్ట్రంలో కట్టడం పనోల్లు సగటున దినానికి ఎనిమిది గంటలు చేస్తాండారంట! రాసేదానికి సిగ్గుండాల. నేను డెబ్బై ఆరులో బి.ఏ. పాసైనోన్ని, సగటంటే ఏందో నాకు నేర్పిస్తారా? మాకొక లెక్చరరు ఉండె, పులివెందులాయన, సుద్దముక్క అరిగిపోతే గోరుతోనే బోర్డు మీద రాసేవాడు, సరే అది వేరే కథలే. మొన్న మే నెల స్లాబునే చూడండప్పా. నేనొక్కన్నే ఇరవై గంటలు నిలబడినా.”

“నిలబడినావా, కూచున్నావా మామా?” అన్నాడు ఆటో తోలే వివేక్.

“నోర్ముయ్! స్లాబంటే ఏమనుకున్నావు? మొదలుపెడితే మధ్యలో ఆపేదానికి లేదు. ఆపితే అతుకు పడుతుంది, వానొస్తే కారుతుంది. తెల్లారి నాలుక్కు మిక్సరు తిప్పితిమి. పదికల్లా ఆ ఎండకు డ్రమ్ముల్లో నీళ్లు కుతకుతా ఉడుకుతాండాయి, గుడ్లేసి ఉడకబెట్టుకొని తింటిమి. ఇనప కమ్ములు మైనం మాదిరి వంగిపోతాంటే చేత్తో సాపు చేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిక్సరు కాలిపోయింది. ఆపేదానికి లేదు గదా! దాని డ్రమ్ము నడుముకు కట్టుకొని నేనే గిరగిరా తిరిగినా.”

“తల తిరగలేదా?”

“నాకెందుకు తిరుగుతుంది? ఊరు తిరిగింది. వేంపల్లె బస్సు తిక్కపడి జనాన్నంతా గండికోటలో దింపేసి వచ్చింది. ఇరవై నాలుగు గంటలు అయిపాయె, స్లాబు కాలే. దినం చాలకపోతే మరుసటి దినంలోంచి ఆరు గంటలు లాక్కొని ముప్పై చేసినా. అందుకే ఆ గురువారం పొద్దు నేరుగా నడినెత్తిన పొడిచింది, మీరు నిద్రలో చూసుకోలేదు. కాంక్రీటు ఇంకా మిగిలింది. గండికోట కాడ పెన్నా లోయకు మూత ఏద్దామని ట్రాక్టర్లు పంపిస్తి. ఫోటోలు దిగేటోల్లు ఏడుస్తారని వెనక్కి పిలిపిస్తి. ముప్పై గంటలు చేసిన మనిషి ఈడ కూర్చోనుంటే ఎనిమిదంట! ఆ ఎనిమిది ఎవడు రాసినాడో నా ముందరికి తీసుకరాండి, చెంప పగలగొడతా!”

మైమూన్ గరిటె నూనెలోనే వదిలి ఇటు తిరిగింది. “నువ్వే రాసినావప్పా.”

చేతులు కొంగుకు తుడుచుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది.

“హాజరు పుస్తకంలో అందరికీ, ప్రతి దినమూ నువ్వు రాసేది ఎనిమిదే గదా. కాంట్రాక్టరు రాయమన్నాడు, నీడలో కూర్చోని రాసినావు. లేబరు ఆఫీసుకు అవే పోతాయి, పేపర్లో అవే వస్తాయి. మా ఆయన పడిన దినం గూడా ఎనిమిదే. తొమ్మిదికి ఎక్కినాడంట, అయిదుకు దిగినాడంట. మాపటికి ఏడున్నరకు యాడినుంచి పడినాడు మరి? ఆకాశంలోంచా?”

“అది కాదమ్మా... చట్టప్రకారం ఎనిమిదే రాయాల...”

“చట్టం నాకు తెలీదు. సోమవారం కడపకొచ్చి నోరు తెరువు. ముప్పై వద్దు. నాలుక్కు ఎక్కినాడు, ఏడున్నరకు పడినాడు. పదిహేనున్నర. అంత చిన్నది చెప్పేదానికి నీకు నోరు రాదా?”

సీతాపతి టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

సోమవారం ఆయన కడపకు పోలేదు. ఆయన సంతకంతో పుస్తకం మాత్రం పోయింది. అయిదు తర్వాత రిజ్వాన్ పనిలో లేడని తేల్చారు.

మరుసటి ఏడాది సీతాపతి నిద్రలోనే పోయాడు. ఇల్లు కొడుకు అనంతకృష్ణకు వచ్చింది, ఇంటి వెనక స్థలం కూతురు సుప్రజకు. హాజరు పుస్తకం కొత్త సూపర్‌వైజరుకు దక్కింది. రిజ్వాన్ తాపీని అతని తమ్ముడు అబ్దుల్ వాహిద్ తీసుకున్నాడు, అదే కాంట్రాక్టరు దగ్గర పనికి పోతున్నాడు. మైమూన్‌కు ఏమీ రాలేదు.