కొలతలింకా పూర్తి కాలేదు

అరవకు బావా! నిచ్చెన మీదున్నాను. ముందు కింద ఆ కూల్చే మిషను ఆపించు, గోడంతా అదురుతోంది. అదురుతున్న గోడని ఏమని కొలవమంటావ్?

ఏంటీ, సంతకమా? పెడతానయ్యా. కొలతలన్నీ అయ్యాక పెడతాను. పాత కట్టడాల ఆఫీసు తరఫున నేను సంతకం పెట్టేదాకా ఈ బడిలో ఒక్క ఇటుక కూడా కదపకూడదని ఆర్డరుంది. కళ్ళజోడు తెచ్చుకోలేదా? పోనీ, నేను చదివి పెట్టనా?

అబ్బో, సలహా కూడానా! ఒక కిటికీ కొలిచి మిగతావన్నీ అలాగే గీసెయ్యాలా? పళ్ళ డాక్టరు నీ పన్నొకటి చూసి మిగతావన్నీ ఇంతే అంటే ఊరుకుంటావా?

ఇటు చూడు. ఈ కిటికీ పక్కదానికంటే బెత్తెడు పొట్టి. కట్టిన మేస్త్రీకి ఇక్కడికొచ్చేసరికి లెక్క తప్పింది. పైన ఓ చెక్క పెట్టి సర్దేశాడు, గడుసువాడు! ఆ తప్పుని కూడా తప్పుగానే గీస్తాను. దిద్దేస్తే అది వేరే ఏదో బిల్డింగవుతుంది.

మరి మెట్లో? ఒక్కోటీ మధ్యలో ఎలా గుంటపడిందో చూశావా? రాయి బావా, రాయి! ఆడపిల్లల కాళ్ళకి అరిగింది. నేనూ అక్కా గంట కొట్టగానే ఒకళ్ళనొకళ్ళం తోసుకుంటూ దిగినవే అవి. ఆ గుంటలు గీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. వస్తుంది మరి, నవ్వకు.

శిథిలమైపోయిందని కాగితం రాయించావే, ఏదీ, ఎక్కడ ఒరిగిందో చూపించు? తాడుకి గుండు కట్టి ప్రతి గోడకీ వేలాడదీశాను. ఒక్కటీ ఒరగలేదు. ఒరిగింది నీ కాగితమే.

కూల్చే కాంట్రాక్టు నీదాయె, నీ తొందరెందుకో నాకు తెలీదా! సోమవారం కమిటీ వస్తోంది, బడి ఉంచాలా తీసెయ్యాలా తేల్చడానికి. ఆలోపే నేలమట్టం చేసేస్తే వాళ్ళొచ్చి ఏం చూస్తారు, దుమ్మా?

మరదలినని ఇప్పుడు గుర్తొచ్చానా? నిన్న మీ సూపర్‌వైజర్ చేత నా నిచ్చెన ఎత్తించేసినప్పుడు గుర్తు రాలేదే?

సరే, విను. కొలతలు మొన్నే అయిపోయాయి. అవును, మొన్నే! బొమ్మలన్నీ గీసి చుట్టపెట్టేశాను కూడా. కొలిచిన గోడనే మళ్ళీ కొలుస్తున్నాను. సోమవారం దాకా కొలుస్తూనే ఉంటాను. మా ఆఫీసుకి ఫిర్యాదు చేసుకుంటావా, చేసుకో. ఉద్యోగం పోతే పోనీ. ఇది కళ్ళముందే కూలిపోతుంటే ఆ ఉద్యోగంలో ఉండి ఏం చేసుకోను?

ఏమన్నావ్? అక్కతో చెప్తావా?

చెప్పు, నిక్షేపంగా చెప్పు. ఫోనెందుకు మధ్యలో? ఇంత పొడుగు హాల్లో టేపు రెండు కొసలూ నేనొక్కదాన్నే పట్టుకుంటాననుకున్నావా? అవతలి కొస అక్కే పట్టుకుంది. పొద్దున్నే నీకు క్యారేజీ కట్టిచ్చి మరీ వచ్చింది. అదిగో, ఆ తలుపు వెనకే ఉంది. వెళ్ళు, నువ్వే చెప్పుకో.