బానెట్ మీద చేపలు

నిదానంగా కూడబలుక్కుని రాశాను, అక్షరాలు తప్పితే మన్నించండి.

మైపాడులో ఒక డ్రైవరు యజమాని కారును తన ఇంటి ముందు తుడుస్తున్నాడు. బానెట్ మీద మచ్చలు కనిపించాయి. భార్యను పిలిచాడు.

“దీని మీద ఉప్పుచేపలు ఎండబెట్టినావా?”

“రేకు బాగా కాలతా ఉండింది మామా. పాలిష్ పెట్టి గట్టిగా రుద్దు.”

“రుద్దినా. ఇంకా రుద్దితే రంగే ఊడొస్తాది.”

“అయితే వ్యాక్స్ పుయ్యి.”

“పూస్తే మచ్చ పోదు, మెరుస్తాది.”

అయినా పూశాడు.

“అయ్యో, తోకలతో సహా కనపడతాండాయే! కారు యజమాని వచ్చే వేళయింది. నీ పని తీసేస్తాడు మామా. నేనే చేసినానని కాళ్లు పట్టుకుంటా.”

“నువ్వు లోపలికి పో. నేనే ఎండబెట్టినానని చెప్తా. నన్ను తిడితే పడతా. నిన్నొక మాటంటే ఊరుకోను, అప్పుడు పని నిజంగానే పోతాది.”

రాసింది పోలమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడుండేది కావలి.