గోడమీద మూడో మాట

చొక్కాలు కుట్టే కార్ఖానా. మేడమీద కిటికీ గది. మధ్యాహ్నం. కాజాలు కుట్టే వదిన, కాలర్లు కుట్టే ఆమె మరదలు.

"వదినా, ముందు ఆ కత్తెర కింద పెట్టు. పెట్టి చెప్పు, గోడమీద ఏం రాశావు?"

"నాకు కావలసింది రాసుకున్నాను. ఏం, గోడ అరిగిపోయిందా?"

"కింద నలభై మంది మిషన్లు ఆపి కూర్చున్నారు."

"కరెంటు పోయిందా?"

"పోలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఫ్యాన్ల కింద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నీ మాట చదివి."

"నా మాట చదివా! చూశావా, మంచి మాట ఎవరికైనా పనికొస్తుంది."

"అసలెందుకు రాశావమ్మా తల్లీ?"

"ప్రతి ఏడూ నేనేమనుకుంటాను? ఈ ఏడు నవల పూర్తి చేసేస్తాను అనుకుంటాను. పదకొండేళ్లయింది. ఏడేళ్లు నోట్లోనే ఉంది. మీ అన్న పోయాక నువ్వు నాకు అక్షరాలు నేర్పావు, నాలుగేళ్లుగా కాగితంమీద ఉంది. పూర్తయిందా?"

"ఎక్కడ? నీ కథలో ఆవిడ గడప దగ్గరే నిలబడి ఉందిగా."

"ఏడాదిన్నర! అత్తగారి గడప దగ్గర నిలబెట్టాను. లోపలికి పోయి సర్దుకుపోతే కథ అయిపోతుంది. పోదు. బయటికీ రాదు. నోరు తెరవదు. దాన్ని చూసి చూసి నా కాళ్లు పీకుతున్నాయి గానీ దానికేం లేదు."

"గోడ సంగతి, వదినా."

"అదే చెబుతున్నా. ఈసారి ఎంత రాస్తానో అనుకోలేదు. రాస్తూ ఎలా ఉంటానో అనుకున్నాను. మూడు మాటలు పెట్టుకున్నాను. ఒకటి నిజం. రెండు దయ. మూడు..."

"ఆ మూడోదే."

"నిదానం. రోజుకి నాలుగు వాక్యాలైనా సరే, మనసు పెట్టి. తలెత్తితే కనబడేలా సుద్దముక్కతో కిటికీ పక్కనే రాశాను. ఉన్న రెండు రోజులైనా చూసుకుందామని."

"కిటికీ ఎల్లుండే పోతుందా?"

"ఎల్లుండే. ఈ బల్ల తీసేసి గుండీల మిషన్ పెడతారట. భోజనాల గంటలో నేను రాసుకునేది ఇక్కడే కదా. ఇంట్లో వెలుగు నా కళ్లకు చాలదు. ఇది పోయిందంటే ఆ పిల్ల గడప దగ్గరే ముసలిదైపోతుంది."

"వదినా, ఆ మూడో మాట చదువు."

"నిదానం."

"నా మొహం చూసి చదవడం కాదు. గోడ చూడు. వేలు పెట్టు."

"ని..."

"ఊఁ."

"నా..."

"ఊఁ."

"దం. ని, నా, దం. నినాదం. ఓసినీ! ఇదెవరు రాశారే?"

"నువ్వే."

"న, ద ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయే!"

"పైన నిజం, దయ. కింద నినాదం, ఇంతింత అక్షరాలతో. నీకు టీ ఇవ్వడానికి పైకొచ్చిన ఇస్త్రీ బాబాయి చూశాడు. కిందికి వెళ్లి 'కాజాలమ్మ పిలుపిచ్చింది' అన్నాడు. అంతే, మిషన్లు ఆగిపోయాయి. నీకు అక్షరాలు నేర్పింది నేనాయె, నేను తలెత్తుకోలేకపోతున్నాను."

"నినాదం అని రాసి ఉంటే మాత్రం! దేనికి, ఎవరిమీద అని ఒక్కడైనా అడగడూ?"

"అడగలేదు. వాళ్లకి ఆ మాట... కొంచెం అలవాటు."

"అలవాటేంటి? ఎక్కడ అలవాటు?"

"అదే... అలవాటు. తర్వాత చెబుతాలే. అదిగో, మెట్లమీద అడుగులు. ఓనరు గారు."

"కాజాలమ్మగారూ, లోపలికి రావచ్చాండీ?"

"కార్ఖానా మీది, మేడ మీది, ఎక్కొచ్చిన మెట్లూ మీవే. నన్ను 'అండీ' అంటున్నారేంటి?"

"మిమ్మల్ని ఎప్పుడూ గౌరవంగానే చూశానమ్మా."

"నిన్న 'ఏమ్మా, నిద్రపోతున్నావా' అన్నారు."

"నిద్ర ఆరోగ్యానికి మంచిదని అన్నాను. చెప్పండి, ఏం కావాలి? కొత్త ఫ్యానా? కుర్చీమీదికి దిండా? రెండో టీయా? ఏదైనా సరే. ఆ నినాదం మాత్రం మొదలుపెట్టించకండి, నాకు గుండె దడ."

"వదినా, ఇలా చెవి పెట్టు. కిటికీ అడుగు. ఇప్పుడే అడుగు."

"ఆగవే."

"భోజనాల గంట కూడా అడుగు. ఇచ్చేస్తారు, ఆ చెమట చూడు."

"మొదటి మాట ఏంటి?"

"ఏ మొదటి మాట?"

"గోడమీద. నిజం."

"వదినా, వద్దు, వదినా..."

"అయ్యా, అది అక్షరం తప్పండీ. నిదానం అని రాయబోయి నినాదం అని రాశాను. సమ్మె లేదు, గిమ్మె లేదు."

"లేదా?"

"లేదండీ."

"అస్సలు లేదా?"

"నా నవల కోసం రాసుకున్న మాట. నాకు నేను చెప్పుకున్నది."

"హమ్మయ్య! ఏమ్మా, నీకు బుద్ధుందా? నన్ను ఇంతసేపు నిలబెడతావా? ఎల్లుండి కాదు, ఈ బల్ల రేపే తీయిస్తాను."

"అండీ, 'మీరు' పోయిందండీ."

"ఎక్కడికి పోయింది?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉంది. కాజాలమ్మగారూ అన్నారు."

"నువ్వూరుకోవే. తీయించండి, బల్ల మీది. కాకపోతే తప్పు దిద్దనివ్వండి, తప్పుడు అక్షరాన్ని వదిలేసి పోలేను. ఇదిగో... ని... దా... నం. అయింది. అమ్మాయ్, కింద వాళ్లకి చెప్పు. పాపం, లేనిదేదో ఉందనుకుని కూర్చున్నారు."

"చెప్పమ్మా, చెప్పు. మెట్ల దగ్గర నిలబడి గట్టిగా చెప్పు."

"ఇదిగో, అందరూ వినండి! నినాదం కాదట! కాజాలమ్మ దిద్దింది! నిదానమట! ని, దా, నం!"

"ఏమంటున్నారు?"

"'అలాగే' అంటున్నారండీ."

"విన్నావా, ఎంత బుద్ధిమంతులో! మిషన్లు మొదలుపెట్టేశారు. మొదలు... ఏంటా చప్పుడు?"

"మిషన్లేనండీ."

"టక్ అని ఆగిపోయిందేం?"

"మళ్లీ వస్తుంది, ఉండండి."

"ఏదీ?"

"ఉండండి మరి."

"టక్ అంది! ఒక్కసారే అంది! ఏమిటిది?"

"నిదానంగా కుడుతున్నారండీ."

"రేపు సాయంత్రానికి పన్నెండు వందల చొక్కాలు పోవాలి! ఈ లెక్కన కొన్నవాడి మనవడు వేసుకుంటాడు! కాజాలమ్మగారూ!"

"'మీరు' తిరిగొచ్చిందండీ."

"చెరపండమ్మా. మళ్లీ నినాదమే రాయండి. నినాదమైతే గంటలో గొంతులు పోయి ఆగుతుంది. ఈ నిదానం ఆగేది ఎప్పుడు?"

"తప్పని తెలిసీ రాస్తే మొదటి మాట పోతుంది కదండీ."

"మొదటి మాటను నేను బతిమాలుకుంటాను!"

"అది వినదండీ. కానీ రెండోది దయ. మీరు చెమటతో తడిసి ముద్దయ్యారు, చూడలేకపోతున్నాను. గోడమీది మాట చెరిపేసి నోటుబుక్కులో రాసుకుంటాను, నాకోసం రాసుకున్నదే కదా. ఎప్పట్లాగే కుట్టమని కింద నేనే చెబుతాను."

"అంతేనా? ఏమీ అడగరా?"

"అడగమంటే నిజం చెప్పాల్సొస్తుంది."

"చెప్పండి, చెప్పండి, మళ్లీ టక్ అనేలోపు చెప్పండి."

"ఈ కిటికీ కావాలండీ. భోజనాల గంట నాకు వదిలేయాలి. పదకొండేళ్లుగా ఒక పిల్ల నన్ను నమ్ముకుని ఉంది. గడప దగ్గర నిలబడి ఉంది."

"ఎవరి పిల్ల? ఎందుకు నిలబెట్టారు, కూర్చోమనండి! కిటికీ మీదే. గంట మీదే. గుండీల మిషన్ నా గదిలో పెట్టుకుంటాను, చోటు లేకపోతే ఒళ్లో పెట్టుకుంటాను. మీరు కదలకండి, మీ మాటగా నేనే వెళ్లి చెబుతాను."

"నిదానంగా దిగండి, మెట్లు..."

"ఆ మాట అనకండమ్మా!"

"వెళ్లారు. చూశావా వదినా, నిజం చెబితే కిటికీ వచ్చింది. నేను మాత్రం నీ నోరు నొక్కేద్దామనుకున్నాను."

"సరేగానీ, ఇప్పుడు చెప్పు. అలవాటేంటి?"

"ఏ అలవాటు?"

"కింద వాళ్లకి నినాదం అలవాటన్నావే?"

"కోప్పడనంటే చెబుతా."

"దయ అని రాసుకున్నాను. చెప్పు."

"టీ టైములో నీ నవల వాళ్లకి చదివి వినిపిస్తాను కదా. రాసింది రాసినట్టు చదువు, ఒక్క అక్షరం మార్చావంటే నాలుకకు కాజా కుడతానన్నావు."

"అన్నాను."

"నేను మార్చలేదు. 'ఆమె నినాదంగా మెట్లు దిగింది' అని ఉంటే అలాగే చదివాను."

"ఎలా దిగింది?"

"నినాదంగా. నినాదంగా అన్నం వడ్డించింది. నినాదంగా దీపం ఆర్పింది. నినాదంగా కళ్లు తుడుచుకుంది. అక్కడైతే ఇస్త్రీ బాబాయి లేచి నిలబడ్డాడు. అందుకే గోడమీద ఆ మాట కనబడగానే ఇక ఎవరూ ఏమీ అడగలేదు."

"అంతటా అలాగే ఉందా?"

"మొదటి పేజీ నుంచీ."

"నీకు అనుమానం రాలేదటే? నాకు ఓనమాలు దిద్దించినదానివి!"

"రచయిత్రివి నువ్వు. పెద్ద భాషేమో అనుకున్నాను. ఇప్పుడేం చేస్తావు, అన్నీ దిద్దుతావా? నాలుగు వందల పేజీలు, వదినా. ఇంకో రెండేళ్లు పడుతుంది. వదినా? ఏడుస్తున్నావా?"

"ఉండవే. నేనేమో దాన్ని నెమ్మదస్తురాలనుకుని లోపలికి పో, సర్దుకుపో అని ఏడాదిన్నరగా పోరుతున్నాను. అది నాలుగు వందల పేజీలు నినాదంగా నడిచొచ్చిన మనిషి. లోపలికెందుకు పోతుంది?"

"పోదా?"

"పోదు. గడప దిగి వీధిలోకి వస్తుంది. వచ్చి నోరు తెరుస్తుంది. ఏమంటుందో కూడా వినబడిపోతోందే! అయిపోయింది నా నవల, ఇవాళే అయిపోతుంది! ఆ పెన్ను ఇలా ఇవ్వు. అలా కాదే... నినాదంగా ఇవ్వు!"