మసి లేని గౌను

భార్య పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. చెత్త కాల్చే బట్టీలో పనిచేసే మొగుడు మూతి ముడుచుకుని గడప మీద కూర్చున్నాడు.

"మీ బట్టీకొచ్చిన పొల్యూషన్ ఇన్‌స్పెక్టరు గారు దేవుడయ్యా! బట్టల మీద మసి చుక్క లేదు. పిల్ల దగ్గూ తగ్గింది."

"రూలు పెట్టింది ఆయన. బట్టీ బాగా కాగేదాకా చెత్త వెయ్యకుండా కాపలా కాసేది నేను. పేరు ఆయనకా?"

"కుళ్లా?"

"కుళ్లే! పొద్దున్నించీ ఆయన భజనేగా!"

"మరి నాకుండదా కుళ్లు? పొగకి పిల్ల దగ్గుతోంది, చల్లటి బట్టీలో తడి చెత్త పొయ్యకయ్యా అని నేను మొత్తుకుంటే నవ్వావు. ఆయన బట్టీ మూయిస్తానంటే ఒక్క మాటకి విన్నావు."

మొగుడు లేచి వెళ్లి, తీగ మీద మిగిలిన పిల్ల గౌను తీసి వాసన చూశాడు.

"పొగ వాసన లేదే."

"ఆయనకి చెప్పు, సంతోషిస్తాడు."

"నీకే చెబుతున్నా."