ఇరవై రెండో నంబరు

మార్చి నెల, శనివారం మధ్యాహ్నం, ఓగ్డెన్ ఫాల్స్ ఊరు. మూతపడిన కాగితం మిల్లు వెనక వీధిలో జిసెల్ వాళ్ల వంటిల్లు. ఆమె తండ్రి ఓవిలా బల్ల దగ్గర బఠానీ సూప్ ముందు కూర్చున్నాడు. లూన్స్ అనే ఐస్ హాకీ జట్టుకు ఏళ్ల తరబడి ఆట సామాను చూసుకున్న టోయివో సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పంపనని ఫోన్లోనే చెప్పానుగా బాబాయ్. మళ్లీ ఎందుకొచ్చావు?"

"ఊరికే. ఓవిలా అన్నని ఒకసారి చూసి పోదామని."

"చూడ్డానికొచ్చేవాడికి సంచెందుకు?"

"అందులో ఏముందమ్మా... పాత జెర్సీ. ఇరవై రెండో నంబరుది. ఉతికించి తెచ్చా."

"ఎవరయ్యా అది? హీటర్‌కి నూనె పొయ్యడానికొచ్చావా?"

"కాదన్నా, నేను. టోయివోని."

"ట్యాంకు ఇంటి వెనకుంది. బూట్లు దులుపుకుని వెళ్లు."

"టోయివో బాబాయ్ నాన్నా. లూన్స్‌లో మీ సామానంతా చూసేవాడే, ఆయన. నువ్వు సూప్ తాగు, చల్లారిపోతోంది."

"ఓహో. పిల్లలున్నారా ఇతనికి?"

"ముగ్గురన్నా. పెద్దవాళ్లయిపోయారు."

"అయ్యో."

"పట్టించుకోకు బాబాయ్. ఎవరొచ్చినా ఇదే ప్రశ్న. మొన్న డాక్టర్నీ అడిగాడు, ఉత్తరాలిచ్చేవాణ్ణీ అడిగాడు. ఉన్నారంటే చాలు, మొహం ముడుచుకుంటాడు."

"తల్లీ, ఒక్క సాయంత్రం. ఇవాళ ఆఖరి ఆటకి ముందు పాత ఆటగాళ్లని పేరుపేరునా పిలుస్తారు. మంచు మీద ఎర్ర తివాచీ వేస్తున్నారు, జారే పనే లేదు. నాలుగడుగులేసి చెయ్యి ఊపితే చాలు. నేను జబ్బ పట్టుకునే ఉంటా. రేపట్నుంచి లూన్స్ అనేదే లేదమ్మా. ఇంక పిలవడానికి జట్టే ఉండదు."

"పీడా పోయింది."

"అలా అనకు."

"ఎందుకనకూడదు? నిన్న ఏం చేశాడో తెలుసా? బూట్లు తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టాడు. ఆరతాయట. పొద్దున్నే లేచి అమ్మేదీ అంటాడు. పోయిందని చెప్తే అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. ఎన్నిసార్లని ఏడిపించను? చర్చికెళ్లిందని చెప్తున్నా ఇప్పుడు. అలాంటి మనిషిని తీసుకెళ్లి ఆ లైట్లలో, ఆ అరుపుల్లో నిలబెడతావా? భయపడి పాంటు తడుపుకుంటే? ఊరికి గుర్తున్న ఓవిలా వేరు బాబాయ్. నేను స్నానం చేయించే ఓవిలా వేరు."

"గుర్తొస్తుందేమో. మంచు వాసన తగిలితే."

"కన్నకూతురి పేరు గుర్తు రానివాడికి మంచు వాసన గుర్తొస్తుందా?"

"ఏ జట్టూ?"

"చూశావా! అడుగుతున్నాడు. మన జట్టే అన్నా, లూన్స్. చెప్పనా?"

"లూన్ అంటే పక్షి. చెరువు మీద ఏడుస్తూ ఉంటుంది."

"అదే, ఆ పక్షి పేరే. మిల్లు పెద్దాయన భార్య పెట్టింది. ఏడుపుగొట్టు పేరు పెట్టింది, ఏడుపే మిగిలిందనేవాళ్లు మనవాళ్లు. యుద్ధమయ్యాక పెట్టిన జట్టన్నా ఇది. జీతాల రోజు సాయంత్రం కుర్రాళ్లంతా బార్లో పడి తన్నుకుంటున్నారని, మిల్లువాళ్లే మంచు మీద ఆడే రింకు కట్టించారు."

"బార్లో ఊరికే తన్నుకుంటున్నారు, మంచు మీదైతే టికెట్ పెట్టొచ్చు. అంతేగా?"

"నన్ను చెప్పనీ తల్లీ. ఒక ఏడు మంచు బరువుకి రింకు పైకప్పు కూలిపోయింది, గుర్తుందా అన్నా? తెల్లారి చూస్తే ఆకాశం కనపడుతోంది. ఆ ఏడంతా ఆరుబయటే ఆడాం. రెఫరీ ఈల వెయ్యబోతే పెదవికి అతుక్కుపోయింది. వేన్నీళ్లు తెచ్చి ఊడదీశాను."

"హహ. ఈల!"

"నవ్వాడు! జిసెల్, చూడు, నవ్వాడు."

"ఈల మాటకి నవ్వాడు. కుక్కలు మొరిగినా నవ్వుతాడు."

"కప్పు గెలిచిన ఏడు గుర్తుందా? చెక్క మోసే లారీలో ఊరేగించారు మనల్ని. కప్పులో బీరు పోసుకుని ఊరంతా తాగింది. పై ఏడు ఓడిపోయి కప్పు తిరిగిచ్చెయ్యమంటే, అందులో మేయరు గారి భార్య పూలమొక్క పెట్టుకుని కూర్చుంది. ఇవ్వనంటే ఇవ్వనంది, వేళ్లూనుకుందట!"

"ఒకటే కప్పు కదా బాబాయ్? అన్నేళ్లకీ?"

"ఒకటే. తర్వాత మిల్లు మూశారు. జట్టుని పళ్ల డాక్టరొకడు కొన్నాడు, ఆ తర్వాత కార్లమ్మేవాడు. వాడి తర్వాత కొన్నవాడి మొహం మేమెవరం చూడనే లేదు. ఇప్పుడు దక్షిణాదికి పట్టుకెళ్తున్నారు. మంచంటే గ్లాసులో వేసుకునేదని మాత్రమే తెలిసిన ఊరికి. పేరు కూడా మార్చేస్తారట."

"ఇవాళ గెలుస్తారా?"

"గెలవరన్నా. అట్టడుగున ఉన్నాం. గెలిచినా ఒరిగేదేం లేదు."

"మరి నాన్నని పిలిచి ఏమని చెప్తారు బాబాయ్? మైకులో?"

"ఓవిలా, ఇరవై రెండో నంబరు, తొమ్మిదేళ్లు జట్టుకి గుండెకాయ, అని. నేనే రాసిచ్చాను."

"గోల్స్ ఎన్ని కొట్టాడో చెప్పరా?"

"గోల్స్‌దేముందమ్మా..."

"ఎన్ని?"

"నాలుగు."

"తొమ్మిదేళ్లలో?"

"ఆ. అందులో ఒకటి వీపుకి తగిలి తనంతట అదే పోయింది."

"మరి మిగతా రోజుల్లో ఏం చేసేవాడు గుండెకాయ?"

"కాపలా. మనకి గార్నెట్ అని ఒక కుర్రాడుండేవాడు, గోల్స్ అన్నీ వాడివే. పిల్లాడు పూచికపుల్లలా ఉండేవాడు. వాడి మీద ఎవడూ చెయ్యి వెయ్యకుండా మీ నాన్న చూసుకునేవాడు. గార్నెట్ పెద్ద లీగుకెళ్లి పేరు తెచ్చుకున్నాడంటే మీ నాన్న చలవే."

"వస్తున్నాడా ఇవాళ గార్నెట్?"

"రాలేనన్నాడు. మోకాళ్ల నొప్పులట."

"పాపం, మోకాళ్లా! ఈ వేళ్లు చూడు బాబాయ్. ఒక్కటి తిన్నగా ఉందా? చెంచా నిలవదు వీటిలో. తల లోపల ఏమైందో డాక్టరు ఫిల్ము పెట్టి చూపించాడు. బాక్సర్లకి ఇలా అవుతుందన్నాడు. మా నాన్న బాక్సరు కాదండీ అన్నాన్నేను. నవ్వాడాయన."

"ఆట అన్నాక దెబ్బలు..."

"ఇవి ఆటలో తగిలినవి కావు. కర్ర పారేసి, గ్లవ్స్ పారేసి, చొక్కా పట్టుకుని మొహం మీద గుద్దుకోవడం ఆటా? ఇంట్లో ఎలుక పడితే చంపలేక డబ్బాలో పట్టుకెళ్లి అడివిలో వదిలొచ్చేవాడు మా నాన్న. ఒక్కనాడు మమ్మల్ని కసిరింది లేదు. ఈ మనిషికి ఊరూపేరూ తెలియనివాణ్ణి కొట్టాలని ఎలా తోచేది బాబాయ్? ఎవరో చెప్పి ఉండాలిగా?"

"అది... కోచ్‌కీ ఆయనకీ మధ్య సంగతి."

"కోచ్ చెప్పేవాడా?"

"కోచ్ నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. పెద్దమనిషి. పోయాడు కూడా."

"నోరు విప్పకపోతే ఎలా తెలిసేది నాన్నకి?"

"నాకేం తెలుసమ్మా? కర్రలకి టేపు చుట్టేవాణ్ణి, స్కేట్లకి పదును పెట్టేవాణ్ణి. తడి సాక్సులు ఆరేసేవాణ్ణి. నన్నడిగితే?"

"జట్టు బస్సెప్పుడు?"

"ఏం బస్సు నాన్నా? కూర్చో. సూప్ ఒలికిపోతుంది."

"బస్సు వెళ్లిపోద్ది. నా చొక్కా ఏదీ?"

"ఇదిగో అన్నా. ఇదిగో నీ చొక్కా. చేతులు పైకెత్తు... అదీ... ఇంకో చెయ్యి. జిసెల్, వెనక కాస్త లాగు తల్లీ."

"వదులైపోయింది నాన్నకి."

"భుజాలు చిక్కిపోయాయి. అయినా చూడు ఎలా నిలబడ్డాడో. వంగలేదు."

"నిజమే... నిటారుగా నిలబడ్డాడు. ఎన్నాళ్లయిందో ఇలా నిలబడి. నాన్నా, నేనెవర్ని?"

"నువ్వు టికెట్లమ్మే అమ్మాయివి."

"సరే, అలాగే కానీ. జ్ఞాపకంలో రింకు దాకా అయినా వచ్చాడుగా నాన్న, అది చాలు."

"పంపుతావా అయితే?"

"నేనూ వస్తా. ఒక చెయ్యి నువ్వు పట్టుకో, ఒకటి నేను. పేరు పిలవగానే ఊపించి తీసుకొచ్చేద్దాం. ఆటకి ఉండొద్దు."

"ఉండం. ఒట్టు. నా తల్లివి కాదూ."

"ఏంటి నాన్నా, చెయ్యి చాపుతున్నావు?"

"టేపు."

"ఏమంటున్నాడు బాబాయ్? టేపంటున్నాడా? మణికట్టు చూపిస్తున్నాడు! అబ్బా, ఆటకి ముందు చుట్టించుకునేది గుర్తుంది నాన్నకి! నా పేరు పోయింది కానీ ఇది ఉంది!"

"ఇప్పుడెందుకన్నా టేపు? స్కేట్లు కట్టుకోవడం లేదుగా. ఊరికే నడిచి..."

"టేపు వెయ్యి. బస్సు వెళ్లిపోద్ది."

"నోరు తెరిచి అడుగుతున్నాడుగా, చుట్టు బాబాయ్! నీ కోటు జేబులో ఎప్పుడూ ఉంటుందిగా."

"ఉంటే ఉంది. వద్దులే తల్లీ, చర్మం పల్చబడింది, తీసేటప్పుడు నొప్పెడుతుంది."

"నూనె రాసి నేను తీస్తాలే. ఇందాకట్నుంచీ గుర్తు రావాలి, గుర్తు రావాలి అన్నది నువ్వే. ఇప్పుడు వస్తుంటే వెనకాడతావేం? చుట్టు."

"...సరే. ఇలా ఇవ్వన్నా చెయ్యి."

"గట్టిగా."

"గట్టిగానే. ఒక చుట్టు... ఇంకొకటి. అయిపోయింది."

"ఎంత కుదురుగా చుట్టించుకున్నాడో చూడు. పసిపిల్లాడిలా. నువ్వు కరెక్టే బాబాయ్, నేనే మొండికేశా. ఉండు, కోటూ టోపీ తెస్తా."

"తే తల్లీ, తొందరగా. ఆలస్యమైపోతోంది."

"ఖాళీగా ఉంది."

"ఏది నాన్నా ఖాళీ?"

"టేపు. నంబరు లేదు."

"నంబరు చొక్కా మీదుందిగా. ఇదిగో, ఇరవై రెండు."

"అది నాది. వాడిదేదీ?"

"ఎవడిది నాన్నా? బాబాయ్, వాడెవడు? ఏం నంబరు?"

"ఏదో అంటాడులే. పదమ్మా, పద. కారు స్టార్ట్ చేసి వస్తా నేను."

"కూర్చో బాబాయ్. నాన్నా, టేపు మీద నంబరు ఎవరు రాసేవారు నీకు?"

"ఈ టోయివోగాడే. ఎక్కడికిరా పోతావు? పెన్ను తీసి రాయి, ఇవాళ ఎవణ్ణి కొట్టాలో. వాడికి పిల్లలున్నారో లేదో మాత్రం చెప్పకు."