ఒట్టు నెమలి

బ్రూజ్ నగరంలో డ్యూక్ గారి విందు. వంటశాలలో వదినా ఆడపడుచులిద్దరూ కాల్చిన నెమలికి ఈకల తోలు మళ్ళీ తొడుగుతున్నారు. ఆడపడుచు ముక్కు మూసుకుంది.

"ఛీ! ఈ తోలు కుళ్ళి కంపు కొడుతోంది వదినా. పోయిన విందుదే కదూ?"

"అదే. దీన్నెవరు తింటారే? దొరలు దీన్ని ముద్దుపెట్టుకుని ఒట్టేసుకోడానికేగా. లవంగాలు దట్టించు, కంపు తెలీదు."

"పోయినసారి మన డ్యూక్ దొర ఏమని ఒట్టేశాడు?"

"టర్కుల మీద యుద్ధానికి పోతానని. పోయేదాకా శనివారాలు మంచమెక్కనని."

"ఎక్కలేదా?"

"ఎక్కలేదు. పరుపు నేల మీద వేయించుకున్నాడు."

"థూ! మరి యుద్ధానికి పోయాడా?"

"మోకాళ్ళ నొప్పులట. బదులు మనిషిని పంపినా ఒట్టు తీరినట్టేనని పాదిరీగారు చెప్పారట."

"ఏ అమాయకుణ్ణి పంపుతున్నాడో!"

వదిన చేతులు ఆగిపోయాయి.

"మీ అన్నయ్యని. తెల్లారితే ప్రయాణం."

ఆడపడుచు నెమలిని తన వైపు తిప్పుకుంది.

"ఇవాళ కూడా దొర ఒట్టేస్తాడా?"

"వెయ్యకుండా ఉంటాడా? అందరికంటే ముందు, అందరికంటే గట్టి ముద్దు ఆయనదే."

"అయితే ఈ లవంగాలు తీసేస్తున్నా వదినా."

"తియ్యి. ఒక్కటి కూడా మిగలనివ్వకు."